రెండో చిల్లు

కరగండలో మార్చి అంటే
బొగ్గునుసి కలిసిన మంచు.
అయిదంతస్తుల ఇళ్ళ కింద, పాత బాయిలర్ గదిలో
మేం నలుగురం, ఒక హీటరు,
అన్నిటికీ కలిపి ఒకటే సాకెట్టు.

దోంబ్రా పొట్ట మీద డ్రిల్లు ఆనించాను.
జైనొల్లా తాత చెక్కిన దోంబ్రా.
రెండే తీగలు. ఒకప్పుడు గొర్రెపేగు,
ఆనక చేపల గాలానికి కట్టే నైలాను దారం.
ఇప్పుడు దాని కడుపులో నాణెమంత బిళ్ళ ఒకటి అంటించి
వైరు బయటికి లాగాలి.

పొట్టు రాలింది.
పొట్టులోంచి తాత గొర్రెతోలు కోటు వాసన.
చెయ్యి ఆగిపోయింది.
"కానివ్వు," అన్నాడు వెనకనుంచి గేనా,
"సగం చిల్లు ఎవడికీ పనికిరాదు."

గేనా ఖెగాయ్, డ్రమ్ములు.
వాళ్ళ ముత్తాతల్ని ఎక్కడో తూర్పున
పశువుల పెట్టెల్లో ఎక్కించి
ఈ మైదానంలో దించేసి పోయింది రైలు.
ఆ సంగతి గేనా నోటితో చెప్పడు.
మార్లెన్, సాక్సఫోను.
పేరులో మార్క్సూ లెనినూ ఇద్దరూ ఉన్నారు,
ముప్ఫై ఏళ్ళ పెళ్ళివిందులకి పెదవి కాయ కాసింది.
తొగ్జాన్‌ది కొబిజ్.
గుర్రపు వెంట్రుకల తీగల మీద
గుర్రపు వెంట్రుకల కమాను.
అది మొదలెడితే
హీటరుకే చలేసినట్టుంటుంది.

మొదట్లో ఏదీ ఏదానికీ అతకలేదు.
పెడలు తొక్కితే దోంబ్రా రంపంలా అరిచింది.
కొబిజ్ ఏ మెట్టు మీదా నిలవదు,
రెండు స్వరాల మధ్య సందులోనే దానికి కాపురం.
గేనాకి నాలుగంటే నాలుగే.
మా క్యుయ్‌కి లెక్కలు రావు,
ఒకచోట అయిదు, ఒకచోట మూడు,
నీళ్ళు కనిపిస్తే ఆగుతుంది
గుర్రం తాగేదాకా.

బాతిమా అజే మెట్లు దిగి వచ్చింది,
మోకాలు పట్టుకుని, నానమ్మల తిట్లన్నీ తిడుతూ,
తలగుడ్డలో వేడి బావుర్సాక్‌లు మూటగట్టుకుని.
దోంబ్రా చూసింది.
కొత్త చిల్లులో చిటికెన వేలు పెట్టింది.

"పైనున్న చిల్లు ఎలా వచ్చిందో తెలుసుగా?"
తెలుసు. మాలో పాలుతాగే పిల్లలకీ తెలుసు.
నీ కొడుకు చచ్చాడని చెప్పినవాడి గొంతులో
కాగే సీసం పోయిస్తానన్నాడట ఖాన్.
ఒక్కడూ నోరు విప్పలేదు.
దోంబ్రా చెప్పింది.
సీసం దాని మీదే పోశారు.

"మరి ఇది ఏం తప్పు చేసినందుకు?"

"దూరంగా ఉన్నవాళ్ళకి వినపడాలని, అజే."
ఆమె నమ్మలేదు.
నిజానికి నేనూ సగమే నమ్మాను.

వాయించాం.
పిండి చేతులు దులుపుకుంటూ వింది, మధ్యలో ఆపింది.
"నాలుగో కాలు అంత ఠంచనుగా పడుతుందేం?
మీ తాత గుర్రం కుంటిది కదరా."
వేలి ఉంగరంతో బాయిలరు పైపు మీద కొట్టి చూపించింది.
మూడు దెబ్బలు.
కాస్త ఆగి,
రావాలా వద్దా అన్నట్టు నాలుగోది.
"పచ్చిక మారడానికి కొండ దిగుతుంటే
రాత్రంతా గుడారంలో ఇదే వినేదాన్ని.
ఆ చివరి డెక్క పడేదాకా
నాకు ఊపిరి ఆడేది కాదు."

మార్లెన్ సాక్సఫోను దించాడు.
"దీన్ని స్వింగ్ అంటారు, అమ్మా," అన్నాడు మెల్లగా.
"డెబ్భై నాలుగులో, దుప్పటి కింద రేడియో పెట్టుకుని,
గరగర మధ్య ఇదే నడక విన్నా.
సముద్రం అవతలివాళ్ళ గుర్రానికీ
కాలు నొప్పేనా అనుకున్నా."

గేనా ఏమీ అనలేదు.
పుల్లలు పక్కన పెట్టి బ్రష్షులు తీశాడు.

ఈసారి దోంబ్రా ముందు నడవలేదు.
సాక్సఫోను కుంటింది, కొబిజ్ దాని భుజం పట్టుకుంది,
నేను పెడలు తొక్కాను.
గదిలో ఎవరో తలుపు తీసినట్టు
మైదానపు గాలి,
దుమ్ము, చెమట, జీను తోలు,
సరిగ్గా అప్పుడు
ఫ్యూజు ఎగిరిపోయింది.

చీకటి.
రెండు తీగలు మాత్రం ఆగలేదు, వాటికి కరెంటుతో పనేముంది.
అజే ఇంకా పైపు మీద కొడుతూనే ఉంది.
పై అంతస్తుల్లోంచి ఎవరో
అదే పైపు మీద తిరిగి కొట్టారు.
చాలించమనో, ఇంకా అనో.
నాలుగో దెబ్బ
కాస్త ఆలస్యంగా.